కెమెరా లోపల ఏం జరుగుతుంది? మా ఆదివారం బృందంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున ఆరింటికి చార్మినార్ దగ్గర కలిసి, ఎండ ఎక్కేదాకా లాడ్ బజార్ గల్లీల్లో ఫొటోలు తీసుకుంటూ తిరుగుతాం. తర్వాత ఇరానీ చాయ్ దగ్గర కూర్చోగానే కొత్తగా వచ్చినవాళ్లు కెమెరాలు బల్ల మీద పెట్టి సందేహాలు మొదలుపెడతారు. వారం వారం మనుషులు మారతారు, ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. పెళ్లి ఫొటోలు తీస్తూ నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి, వీళ్లు కాల్చుకోకుండానే నేర్చుకోవాలని అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

వెలుగు లెన్సులోకి వచ్చిన దగ్గర్నుంచి ఆల్బమ్‌లో అచ్చయ్యే దాకా ప్రతి మెట్టు దగ్గరా ఫొటోలోంచి కొంత జారిపోతుంది. జారిపోయినదాంట్లో కొంత తిరిగి వస్తుంది, కొంత ఎప్పటికీ రాదు. ఏ మెట్టు దగ్గర ఏది పోతుందో తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. అందుకే జవాబులన్నీ ఆ లెక్కలోనే రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా ఇబ్బంది ఉండదు.

## బటన్ నొక్కే ముందు

మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఫొటో బాగుంటుందా? కోఠిలో షాపతను అదే చెప్పాడు.

ఫొటోని ఎన్ని చుక్కలుగా కోస్తున్నామో మెగాపిక్సెల్ చెబుతుంది, అంతే. 24 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. కరిజ్మా ఆల్బమ్‌లో 12×18 అంగుళాల ఒక పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 3600×5400, అంటే సుమారు 19 మెగాపిక్సెల్ సరిపోతుంది. కాబట్టి 24 ఉన్న కెమెరాతో ఆల్బమ్ పనికి లోటేమీ లేదు.

మీరు అడగాల్సిన ప్రశ్న సెన్సార్, అంటే లెన్స్ వెనక వెలుగును పట్టుకునే పలక, ఎంత పెద్దది అని. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. మంచి ఫోన్‌లో ఉండే 1/1.3 అంగుళాల సెన్సార్ సుమారు 72 చదరపు మిల్లీమీటర్లు. ఒకే షట్టర్ వేగం, ఒకే ఎఫ్ అంకె పెడితే పెద్దది పన్నెండు రెట్లు వెలుగు పోగుచేస్తుంది. ఫంక్షన్ హాల్లో సగం లైట్లు ఆర్పేశాక ఈ పన్నెండు రెట్ల విలువ తెలుస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే మెగాపిక్సెల్స్ మీద కాకుండా సెన్సార్ మీద, అంతకన్నా ముందు లెన్స్ మీద పెట్టండి.

లెన్స్ మీద ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దదంటారు. తలకిందులుగా ఎందుకు?

అది భాగహారం కాబట్టి. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని, అంటే లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకెని, రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ అంకె. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో రంధ్రం 25 మిల్లీమీటర్లుంటే ఎఫ్ 2, 12.5 ఉంటే ఎఫ్ 4. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, వెలుగు కూడా నాలుగో వంతే వస్తుంది. వెలుగు సగమైతే ఒక స్టాపు పోయిందంటాం. ఎఫ్ 2 నుంచి ఎఫ్ 4కి మారిస్తే రెండు స్టాపులు పోయాయని అనేది అందుకే.

మధుపర్కాలు కట్టుకున్న జంట మాసిన బట్టలు కట్టుకున్నట్టు వస్తున్నారు. నల్ల సూటు వేసుకున్నవాళ్లేమో వెలిసిపోతున్నారు. ఎందుకు?

కెమెరాలో వెలుగును కొలిచే మీటర్‌కి తన ముందున్నది తెల్ల బట్టో నల్ల బట్టో తెలియదు. తన మీద పడే వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పికొట్టే మధ్యరకం బూడిద రంగే ఎదురుగా ఉందనుకుని లెక్క కడుతుంది. ఫ్రేమ్ అంతా తెల్లగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, మధుపర్కాలు బూడిదవుతాయి. అంతా నల్లగా ఉంటే పెంచేస్తుంది. తెలుపు ఎక్కువున్నప్పుడు మీటర్ లెక్కని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ 1 దగ్గర, నలుపు ఎక్కువున్నప్పుడు మైనస్ 1 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఈమధ్య వచ్చే కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి లెక్క సరిచేసుకుంటున్నాయి. కానీ జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి ముఖాల మధ్యా తెర ఉంటుంది, తలలు వంగి ఉంటాయి. ఆ క్షణంలో దాన్ని నమ్ముకోవద్దు.

చీకట్లో ఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది. లెన్స్ పాడైందా?

ఎక్కువసార్లు లెన్స్ బాగానే ఉంటుంది. లెన్స్ కుడి సగంలోంచి వచ్చిన వెలుగునీ ఎడమ సగంలోంచి వచ్చినదాన్నీ పోల్చి, రెండూ ఎంత పక్కకి జరిగి ఉన్నాయో చూసి కెమెరా ఫోకస్ కుదురుస్తుంది. పోల్చడానికి ఒక అంచో గీతో కావాలి. మసక వెలుగులో, సాదా గోడ మీద ఆ అంచు దొరకదు. అందుకే వెతుకులాట. ఫోకస్ చుక్కని చీర అంచు మీదో, నగ మీదో, కనుబొమ్మ మీదో పెట్టండి.

## బటన్ నొక్కిన క్షణంలో

అసలు సెన్సార్ వెలుగును ఫొటోగా ఎలా మారుస్తుంది?

మన బస్తీల్లో నల్లా వచ్చే టైమ్‌కి బిందెలు వరసగా పెట్టుకుంటాం కదా, దాన్ని గుర్తుతెచ్చుకోండి. పిక్సెల్ ఒక బిందె. నల్లా ఎంత ధారగా వస్తుందన్నది అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం. ఎంతసేపు వస్తుందన్నది షట్టర్. సెన్సార్ సిలికాన్‌తో చేసింది. దాని మీద వెలుగు కణం, అంటే ఫోటాన్, పడితే ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్లు పిక్సెల్‌లో నిండుతూ ఉంటాయి. షట్టర్ మూసుకున్నాక ఏ పిక్సెల్‌లో ఎన్ని చేరాయో వోల్టేజీగా కొలిచి, ఆ వోల్టేజీని అంకెగా మారుస్తారు. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే 2 కోట్ల 40 లక్షల అంకెలు. ఆ సమయానికి ఫొటో అంటే అంకెల పట్టిక మాత్రమే.

బిందె నిండాక పొంగిన నీళ్లు లెక్కలోకి రావు. పిక్సెల్ నిండాక పడిన వెలుగూ అంతే. తెల్లగా పేలిపోయిన ఆకాశాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేకపోవడానికి కారణం ఇదే. బిందె అడుగున నాలుగు చుక్కలున్నా కొలవొచ్చు కాబట్టి నీడల్లోంచి మాత్రం ఎంతో కొంత లాగవచ్చు. తప్పనిసరైతే కాస్త చీకటిగా తీయండి గానీ పేలిపోనివ్వకండి.

ఈ ఎలక్ట్రాన్లను వరసలుగా జరుపుకుంటూ ఒక మూలకి తెచ్చి కొలిచే సీసీడీ అనే సెన్సార్‌ని 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో వాళ్లకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరాలో పిక్సెల్స్ పదివేలే, వందకి వంద. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీద ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్నవి దాదాపు అన్నీ సీమాస్ సెన్సార్లు. వాటిలో కొలిచే ఏర్పాటు ప్రతి పిక్సెల్‌లోనే ఉంటుంది, అందుకే వేగం ఎక్కువ, బ్యాటరీ ఖర్చు తక్కువ.

సెన్సార్‌కి రంగులు కనిపించవంటారు. మరి ఫొటోలో రంగులెక్కడివి?

నిజమే, సిలికాన్‌కి రంగు తెలియదు. ఎర్ర ఫోటాన్ పడినా నీలం ఫోటాన్ పడినా విడివడేది ఒకేలాంటి ఎలక్ట్రాన్. అందుకని ప్రతి పిక్సెల్ మీదా ఒక చిన్న రంగు అద్దం పెడతారు. నాలుగు పిక్సెల్స్‌లో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. ఈ అమరికని కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించాడు, 1976లో పేటెంటు వచ్చింది. ఆకుపచ్చకి రెండు వాటాలు ఎందుకంటే, మన కన్ను వెలుగునీడల తేడాని ఎక్కువగా ఆ రంగు ప్రాంతంలోనే పసిగడుతుంది.

దీనర్థం ఏంటంటే, మీ 24 మెగాపిక్సెల్ ఫొటోలో ఎరుపుని నిజంగా కొలిచినవి 60 లక్షల పిక్సెల్సే. ఎర్ర అద్దం ఉన్న పిక్సెల్‌కి తన దగ్గర ఆకుపచ్చ ఎంతో, నీలం ఎంతో తెలియదు. చుట్టుపక్కల పిక్సెల్స్‌ని అడిగి అంచనా కట్టుకుంటుంది. ఈ పనిని డీమొజాయికింగ్ అంటారు. ఫొటోలో మూడింట రెండు వంతుల రంగు సమాచారం ఇలా అంచనాతో వచ్చిందే. మొదటిసారి తెలిసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో ఇబ్బంది ఇంకో రకంగా ఉండేది. అప్పటి గాజు పలకల మీది రసాయనం నీలానికి బాగా స్పందించేది, ఎరుపుకి దాదాపు స్పందించేది కాదు. ఆ కాలపు ఫొటోల్లో ఆకాశం తెల్లగా, ఎర్ర బట్టలు నల్లగా కనిపిస్తాయి. సెన్సార్ అన్ని రంగుల వెలుగునీ పట్టుకుంటుంది, దేన్ని పట్టుకుందో మాత్రం చెప్పలేదు.

చీర మీద లేని చారలు, రంగుల అలలు ఫొటోలో వస్తున్నాయి. ప్రింటింగ్ లోపమా?

కాదు, అది మోయిరే. సన్నటి నేత గళ్లు ఒక గడి, సెన్సార్ పిక్సెల్స్ ఇంకో గడి. దోమతెర మీద దోమతెర వేస్తే కొత్త అలలు పుడతాయి చూడండి, అలాంటిదే. నారాయణపేట చీరల సన్న గళ్లు, మగవాళ్ల సన్న గీతల చొక్కాలు దీనికి పెట్టింది పేరు. పిక్సెల్స్ మీది రంగు అద్దాల వల్ల ఆ అలలకి లేని రంగులు కూడా అంటుకుంటాయి. కొన్ని కెమెరాల్లో దీన్ని ఆపడానికి సెన్సార్ ముందు బొమ్మని లేశమంత మసక చేసే ఫిల్టర్ ఉంటుంది. మీ కెమెరాలో అది లేకపోతే ఒక అడుగు ముందుకో వెనక్కో వేసి, లేదా కోణం కాస్త మార్చి ఇంకోటి తీయండి. చీరల దుకాణాలకి క్యాటలాగ్ తీసేవాళ్లు ఇది అక్కడికక్కడే జూమ్ చేసి చూసుకోవాలి. తర్వాత సరిచేయడం చాలా కష్టం.

ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోకి అడ్డంగా నల్ల చారలు పడుతున్నాయి. ఏం చేయాలి?

షట్టర్ వేగాన్ని 1/100 లేదా 1/50 చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు గానీ 1/500 పెట్టిన కెమెరాకి తెలుస్తుంది. సెన్సార్‌లో పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో వరసా కొద్ది తేడాతో వెలుగును అందుకుంటుంది కాబట్టి కొన్ని వరసలకి లైటు వెలిగి, కొన్నింటికి తగ్గి కనిపిస్తుంది. 1/100 పెడితే ప్రతి వరసకీ ఒక పూర్తి మినుకు అందుతుంది, చారలు పోతాయి. స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరల మినుకు వేగం వేరుగా ఉంటుంది. అక్కడ షట్టర్‌ని కొంచెం కొంచెం మారుస్తూ చూసుకోవాల్సిందే. తెరలు కదలకుండా సెన్సార్‌తోనే నడిచే ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టి ఉంటే, తెరలు కదిలే మెకానికల్‌కి మార్చండి, చాలాసార్లు అదొక్కటే సరిపోతుంది.

కదులుతున్న మెట్రో రైలు ఫొటోలో పక్కకి వాలిపోయింది. ఎందుకు?

ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసి ఉంటారు. సెన్సార్ పై వరసని చదివినప్పటికీ కింది వరసని చదివినప్పటికీ మధ్య రైలు ముందుకు వెళ్లిపోయింది. దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. అన్ని వరసల్నీ ఒకేసారి పట్టుకునే గ్లోబల్ షట్టర్‌తో ఫుల్‌ఫ్రేమ్ కెమెరాని సోనీ 2023లో ప్రకటించింది. కానీ మనలో ఎక్కువమందికి మెకానికల్ షట్టర్ వాడటమే అందుబాటులో ఉన్న మందు.

ఫ్లాష్ వేస్తే ఫొటోలో కొంత భాగం నల్లగా ఎందుకు వస్తోంది?

షట్టర్‌లో రెండు తెరలుంటాయి. ఒకటి తెరుస్తుంది, రెండోది మూస్తుంది. సుమారు 1/200 లేదా 1/250 దాటితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. అంటే సెన్సార్ ఏ క్షణంలోనూ మొత్తం తెరిచి ఉండదు. ఫ్లాష్ మెరుపు ఆ సందులోంచి కనిపించినంత భాగం మీదే పడుతుంది. షట్టర్‌ని 1/200కి తగ్గించండి, లేదంటే ఫ్లాష్‌లో హై స్పీడ్ సింక్ ఆన్ చేయండి.

ఐఎస్ఓ పెంచితే సెన్సార్‌కి వెలుగు ఎక్కువ పడుతుందా?

పడదు. పోగైన కొద్ది వెలుగుని పెంచి చూపించడమే ఐఎస్ఓ పని. రేడియోలో స్టేషన్ సరిగ్గా అందనప్పుడు వాల్యూమ్ పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరిగినట్టు.

గరగర ఎక్కడిదో కూడా చెబుతాను. ఫోటాన్లు వాన చినుకుల్లా పడతాయి. పక్కపక్కనే ఉన్న రెండు గిన్నెల్లోకి సరిగ్గా ఒకే సంఖ్యలో చినుకులు పడవు. ఆ హెచ్చుతగ్గు దాదాపు సంఖ్య వర్గమూలమంత ఉంటుంది. ఒక పిక్సెల్‌లో 10,000 ఫోటాన్లు లెక్కకొస్తే హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతం. 100 మాత్రమే వస్తే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. చీకటి ఫొటోలో కనిపించే గింజ గింజ ఎక్కువగా ఇదే. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఇది తప్పదు, ఎందుకంటే ఇది వెలుగుకే ఉన్న స్వభావం.

అందుకని ఐఎస్ఓకి భయపడి షట్టర్‌ని మరీ తగ్గించకండి. రవీంద్రభారతిలో కూచిపూడి తీస్తూ ఐఎస్ఓ తగ్గించాలని 1/30 పెడితే చేతులు, కాళ్లు చెదిరిపోతాయి. గింజని సాఫ్ట్‌వేర్ చాలావరకు తగ్గిస్తుంది. చెదిరిన ముద్రని ఏదీ నిలబెట్టలేదు. నేనైతే ఐఎస్ఓ 6400 పెట్టి, షట్టర్ 1/320 దగ్గర ఉంచుతాను.

బరాత్‌లో లేజర్ లైట్లు పెడుతున్నారు. కెమెరాకి ప్రమాదమా?

అవును, నిజంగా ప్రమాదమే. లేజర్ కిరణాన్ని లెన్స్ ఇంకా సన్నటి చుక్కగా చేసి సెన్సార్ మీద పెడుతుంది. ఆ చుక్క దగ్గర పిక్సెల్స్, వాటి తీగలు కాలిపోతాయి. శామీర్‌పేట వైపు ఒక రిసెప్షన్‌లో వీడియో తీస్తుంటే నా కెమెరా మీదుగా ఒక ఆకుపచ్చ కిరణం రెప్పపాటులో వెళ్లింది. ఆ రోజు నుంచి ప్రతి ఫ్రేమ్‌లో నిలువుగా ఒక సన్నటి గులాబీ గీత. సెన్సార్ మొత్తం మార్చాల్సి వచ్చింది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఫ్రేమ్ చూసుకుంటున్నంతసేపూ సెన్సార్ తెరిచే ఉంటుంది కాబట్టి వాటికి ముప్పు ఎక్కువ. ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే డీజే వాళ్లు లేజర్ వాడతారా అని అడగండి. వాడితే కిరణాలు జనం మీదికి కాకుండా పైకి తిప్పమని ఇంటిపెద్దలతో చెప్పించండి. సెన్సార్ కంటే ముందు జనం కళ్లకి అది అవసరం.

## కెమెరా లెక్కలు వేసేటప్పుడు

రాలో తీయాలా, జేపెగ్‌లో తీయాలా?

జాగ్రత్తగా చదవమని నేను అందరినీ అడిగే ప్రశ్న ఇదే.

రా ఫైల్ అంటే సెన్సార్ కొలిచిన అంకెలు దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా. 14 బిట్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ విలువ 16,384 మెట్లలో ఏదో ఒకటి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే. ఆ 16 వేల మెట్లలోంచి 256 ఎలా ఏరాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. జేపెగ్‌లో తీస్తే కెమెరా నిర్ణయిస్తుంది, మిగతావి పారేస్తుంది. రాలో తీస్తే ఇంటికెళ్లి కూర్చుని మీరు నిర్ణయిస్తారు.

సెన్సార్ లెక్కకీ మన కంటి లెక్కకీ తేడా ఉంది. వెలుగు రెట్టింపైతే సెన్సార్ అంకె రెట్టింపవుతుంది. మన కంటికి మాత్రం రెట్టింపు వెలుగు ఒక మెట్టు ఎక్కినట్టే ఉంటుంది. కాబట్టి 16,384 మెట్లలో సగం, అంటే 8,192, అన్నిటికంటే కాంతివంతమైన ఒక్క స్టాపుకే పోతాయి. దాని కింది స్టాపుకి 4,096, ఆ తర్వాత 2,048. నీడల దగ్గరికి వచ్చేసరికి మెట్లు చాలా తక్కువ. ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు తెర మీద చూపిస్తే ఫొటో చీకటిగా ఉంటుంది. కంటికి నప్పేలా వాటిని ఒక వంపులో పెంచాలి. ఆ తర్వాత రంగుల సర్దుబాటు, గింజ తగ్గించడం, అంచులు పదును చేయడం. బటన్ నొక్కాక కెమెరా ఇదంతా రెప్పపాటులో చేస్తుంది.

చివర్లో జేపెగ్ ఫొటోని 8×8 పిక్సెల్స్ గళ్లుగా కోసి, ఒక్కో గడినీ ముతక, సన్న తరంగాల మొత్తంగా రాసి, కన్ను పట్టించుకోని సన్న తరంగాల్ని వదిలేస్తుంది. జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది గానీ దానికి ఆయువుపట్టయిన గణితాన్ని 1974లోనే ముగ్గురు ప్రచురించారు. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కమిశెట్టి రామ్మోహనరావు. మనం రోజూ పంపుకునే ఫొటోల్లో దాదాపు అన్నిటి వెనకా ఆ ముగ్గురి పని ఉందని బృందంలో చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

నా సలహా ఇది. పెళ్లి, స్టేజీ, ఎండలో కోటలు, వెలుగు మీ చేతిలో లేని ఏ చోటైనా రా. అదే రోజు వందల ఫొటోలు అప్పజెప్పాల్సిన స్కూలు వార్షికోత్సవాలకి జేపెగ్ చాలు. కార్డులో చోటుంటే రెండూ.

పసుపు ఫంక్షన్‌లో ముఖాలు జబ్బుపడ్డట్టు నీలంగా ఎందుకు వస్తున్నాయి?

ఏ వెలుగులోనైనా తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ పొరపడింది. ఫ్రేమ్‌లో పసుపు ఇంత ఎక్కువ ఉందంటే వెలుగే పసుపుగా ఉందేమో అనుకుని, దాన్ని విరిచేయడానికి నీలం కలిపింది. బంతిపూలు, పసుపు చీరలు, పసుపు రాసిన ముఖాలు, పైన పసుపు షామియానా, పాపం అది మాత్రం ఏం చేస్తుంది. ఎండలో అయితే వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్ దగ్గర పెట్టి కదపకండి. ఇంటిలోపల పాతకాలపు బల్బుల వెలుగైతే సుమారు 3000, నీడపట్టున అయితే 7000 నుంచి మొదలుపెట్టండి. షామియానా గుడ్డలోంచి దిగే వెలుగు మాత్రం నిజంగానే రంగు వెలుగు. అక్కడ ఒక తెల్ల కాగితాన్నో గ్రే కార్డునో ముఖం దగ్గర పెట్టి ఒక ఫొటో తీసి ఉంచుకోండి, తర్వాత దాన్ని చూసి సరిచేయొచ్చు. రాలో అయితే ఇది పూర్తిగా మార్చుకోగలిగే సంగతి. జేపెగ్‌లో కొంతే మారుతుంది.

ఎర్ర పట్టుచీర మడతలు లేకుండా ముద్దగా వస్తోంది. ఫొటో ఎక్కువ వెలుగుగా కూడా లేదు. ఎందుకు?

మొత్తం వెలుగు సరిగ్గానే ఉన్నా ఎరుపు ఒక్కటే నిండిపోయి ఉంటుంది. గాఢమైన ఎరుపులో ఆకుపచ్చ, నీలం దాదాపు ఉండవు, కాబట్టి సగటు లెక్క తక్కువే చూపిస్తుంది. ఎరుపు మాత్రం పైకప్పు తాకేస్తుంది. మడతల వెలుగునీడలు ఆ ఎరుపులోనే ఉన్నాయి, అవి పోతాయి. బతుకమ్మ మీది తంగేడు, బంతి పూలకీ ఇదే జరుగుతుంది. కెమెరాలో తెల్ల హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చూపించే గ్రాఫు) ఒక్కటే కాకుండా మూడు రంగులవీ విడివిడిగా చూపించే సెట్టింగ్ పెట్టుకోండి. ఎర్ర గీత కుడి గోడకి అతుక్కుంటే ఎక్స్‌పోజర్ అర స్టాపు నుంచి ఒక స్టాపు తగ్గించండి. హిస్టోగ్రామ్‌ని కెమెరా తాను తయారుచేసిన జేపెగ్ నుంచి గీస్తుంది. కాబట్టి రా ఫైల్‌లో అది చూపించినదానికంటే కొంచెం ఎక్కువే మిగిలి ఉంటుంది.

కెమెరా తెర మీద అద్భుతంగా ఉన్న ఫొటో కంప్యూటర్లో తెరవగానే చప్పగా మారిపోయింది. ఏమైంది?

మీరు కెమెరా తెర మీద చూసింది రా ఫైల్ లోపల దాచిన చిన్న జేపెగ్. కంప్యూటర్లో మొదటి క్షణం అదే కనిపిస్తుంది, తర్వాత సాఫ్ట్‌వేర్ అసలు అంకెలు చదివి తన పద్ధతిలో బొమ్మ కడుతుంది. ఏమీ పోలేదు. సాఫ్ట్‌వేర్‌లో కెమెరా ప్రొఫైల్ ఎంచుకుంటే ఇంచుమించు అదే రూపం వస్తుంది.

## ఫోన్ కెమెరాల గురించి

200 మెగాపిక్సెల్ ఫోన్ కొన్నాను. ఫొటో చూస్తే 12 మెగాపిక్సెలే ఉంది. మోసపోయానా?

లేదు. ఆ పిక్సెల్స్ మరీ చిన్నవి, ఒక్కోదానిలో పడే వెలుగు చాలా తక్కువ. అందుకని పక్కపక్కనున్న 16 పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా లెక్కపెడుతుంది. 200ని 16తో భాగిస్తే 12.5. మంచి ఎండలో, బోర్డు మీది అక్షరాలు చదవాలనుకున్నప్పుడు పూర్తి 200 వాడి చూడండి. మిగతా వేళల్లో ఫోన్ చేసిన నిర్ణయమే సరైనది.

దుర్గం చెరువు తీగల వంతెనని రాత్రి ఫోన్‌తో తీస్తే నా కెమెరా కంటే బాగా వచ్చింది. ఎలా?

ఫోన్ తీసింది ఒక్క ఫొటో కాదు. వరసగా చాలా తీసి, మీ చెయ్యి వణుకుని లెక్కకట్టి ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, సగటు తీసింది. తొమ్మిది ఫొటోల సగటు తీస్తే గింజ మూడో వంతుకి తగ్గుతుంది. వాటిలో కొన్ని తక్కువ వెలుగుతో తీసి దీపాల రంగు పేలిపోకుండా కాపాడుతుంది. కెమెరాతో మీరు తీసింది ఒకటే. అదే పనిని ట్రైపాడ్ పెట్టి, ఐఎస్ఓ 100, పది సెకన్లు ఇచ్చి చూడండి, ఫోన్ వెనకబడిపోతుంది. కదిలే కార్లు, అలలు ఉన్నచోట ఫోన్ పేర్పు తడబడుతుంది, దెయ్యపు నీడల్లాంటివి మిగులుతాయి.

పోర్ట్రెయిట్ మోడ్‌లో పూలజడ అంచులు ఎందుకు కత్తిరించినట్టు వస్తాయి?

ఆ మసక లెన్స్ ఇచ్చింది కాదు. ఏది ముందుంది, ఏది వెనకుందని ఫోన్ అంచనా కట్టి, వెనకుందనుకున్నదాన్ని మసక చేసింది. ఎగిరే వెంట్రుకలు, జడలోంచి పొడుచుకొచ్చిన మల్లెమొగ్గలు దానికి అంతుపట్టవు.

టీవీ రిమోట్ ముందు లైటు నా కంటికి కనిపించదు, ఫోన్‌లో కనిపిస్తోంది. అదెలా?

ఎంత మంచి ప్రశ్నో! రిమోట్ పంపేది పరారుణ కిరణాలు, తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు. మన కంటికి 700 దాటితే దాదాపు ఏమీ తెలియదు. సిలికాన్‌కి సుమారు 1100 దాకా తెలుస్తుంది. ఈ అదనపు వెలుగు రంగుల్ని పాడుచేస్తుందని సెన్సార్ ముందు ఒక ఫిల్టర్ పెడతారు. అయినా కొంచెం లోపలికి వస్తుంది. సెల్ఫీ కెమెరాలో సాధారణంగా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకి చేసి చూపించండి.

## కార్డు నుంచి ఆల్బమ్ దాకా

పొరపాటున కార్డు ఫార్మాట్ చేశాను. ఫొటోలన్నీ పోయినట్టేనా?

ముందు కార్డు బయటికి తీయండి. దానితో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. మామూలు ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేసినట్టు. పాఠాలు చాలావరకు అలాగే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాసేదాకా. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్లో వెతికితే ఎక్కువభాగం దొరుకుతాయి. దొరికినవాటిని వేరే డిస్కులో పెట్టండి, అదే కార్డులో కాదు.

నా మొదటి ఏడాదిలో ఒక ఎంగేజ్‌మెంట్ కార్డు ఫార్మాట్ చేసి, దాని మీదే మర్నాడు నలభై ఫొటోలు తీశాను. ఉంగరాలు మార్చుకున్న ఫొటోలే ఆ నలభై కింద పడి పోయాయి. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారు ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. అప్పట్నుంచి రెండు చోట్ల కాపీ అయిందని కళ్లారా చూసుకున్నాకే కార్డు ముట్టుకుంటున్నాను. మీ కెమెరాకి రెండు కార్డుల స్లాట్లుంటే రెండింటిలోనూ ఒకేసారి రాయించండి.

వాట్సాప్‌లో పంపితే ఫొటో ఎందుకు పాడవుతుంది?

చిన్నది చేసి, మళ్లీ జేపెగ్‌గా గట్టిగా నొక్కుతుంది కాబట్టి. ఏ కెమెరాతో ఎప్పుడు తీశారన్న సమాచారం కూడా తీసేస్తుంది. ల్యాబ్‌కి పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ చెక్కుచెదరదు.

నా ల్యాప్‌టాప్‌లో బాగున్న ఫొటో ప్రింట్‌లో చీకటిగా, రంగులు వెలిసి వచ్చింది. తప్పు ల్యాబ్‌దా?

రెండు విడివిడి కారణాలుంటాయి. చీకటిగా వచ్చిందంటే చాలాసార్లు మీ తెర వెలుగు ఎక్కువైంది. తెర తానే వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుగుని తిప్పికొడుతుంది. వెలుగు సగానికి తగ్గించి ఎడిట్ చేయండి. రంగులు వెలిశాయంటే ఫైల్‌ని అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల కొలమానంలో సేవ్ చేసి ఉంటారు. ఆల్బమ్ ల్యాబులు సాధారణంగా ఎస్‌ఆర్‌జీబీ అనే ఇంకో కొలమానాన్ని ఆశిస్తాయి. ఎస్‌ఆర్‌జీబీలో సేవ్ చేసి, మొత్తం ఆల్బమ్ ఇచ్చేముందు రెండు ఫొటోలు ప్రింట్ వేయించుకుని చూసుకోండి.

ఇద్దరం రెండు కెమెరాలతో తీశాం. కంప్యూటర్లో వేస్తే తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం వస్తోంది. వరస ఎలా కుదర్చాలి?

కెమెరాల గడియారాలు కలవలేదు. బటన్ నొక్కిన క్షణాన్ని కెమెరా ప్రతి ఫైల్‌లోనూ రాస్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని చూసే వరస పేరుస్తుంది. ఒకటి పదిహేను నిమిషాలు వెనకుంటే ముహూర్తమే తారుమారు అవుతుంది. ఇద్దరూ తీసిన ఒకే సంఘటనని పట్టుకోండి, మంగళసూత్రం మూడో ముడి పడిన క్షణం లాంటిది. రెండు ఫైళ్లలోని సమయాల తేడా చూసి, ఒక కెమెరా ఫొటోలన్నిటికీ అంత సమయం కలపమని సాఫ్ట్‌వేర్‌కి చెబితే సర్దుకుంటుంది. ఈసారి నుంచి మండపం దగ్గర బ్యాగు దించగానే ఒక ఫోన్‌లో సెకన్లు కనిపించే గడియారం తెరిచి, రెండు కెమెరాలతోనూ దాన్ని ఒక్కో ఫొటో తీయండి.